రాసుకో పాపా అంది, ఇప్పుడు రాయొచ్చా?

కడప జిల్లా నుంచి ఒక పరిశోధక విద్యార్థిని రాసిన ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో ఆమె రాసిన అసలు గుట్టు ఇది కాదు. దాని చోట అంతే బరువున్న ఇంకో గుట్టు పెట్టాను. చుట్టరికాలు, చదువులు, లెక్కలు కొన్ని మార్చాను. కడప, కువైట్ మాత్రం అలాగే ఉంచాను. ఆ వైపు కువైట్ పోయిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం కాబట్టి ఆ రెండు పేర్లతో ఎవరినీ పట్టుకోలేరు. మార్చిన ఉత్తరాన్ని ఆమెకు చదివించి, సరేనన్నాకే వేస్తున్నాను.

ఉత్తరం సంగతి ఇది. ఆమెకు 28 ఏళ్లు. 2023లో పీహెచ్‌డీలో చేరింది. కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు ఫోన్ మీద సంసారం ఎట్లా నడుపుకొస్తారన్నది ఆమె అంశం. సొంత ఊళ్లోనూ, పక్కనున్న రెండు ఊళ్లలోనూ తిరిగి 31 మందితో మాట్లాడింది. వాళ్లలో ఒకామె ఈమెకు అత్త వరస. ఆరేళ్లు కువైట్‌లో పనిచేసింది. ఇంటికి మాట్లాడే ఫోన్ ఒకటి అందరికీ తెలిసినదే. రెండో సిమ్ము ఒకటి ఉండేది, దాని సంగతి ఆమె అక్కకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ సిమ్ముతో మాట్లాడుకుని, జీతంలో కొంత అక్క ఖాతాకు వేసేది. కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు అందులోంచే కట్టారు. సంపాదనంతా తన చేతికే వచ్చిందని, దాంతోనే బోర్లు వేయించానని భర్త ఇప్పటికీ అనుకుంటున్నాడు. రెండు బోర్లూ ఎండిపోయాయి.

అత్త తన పాత వాయిస్ మెసేజ్‌లు వినిపించింది, కొన్ని పంపింది కూడా. “రాసుకో పాపా. నీకు గాకపోతే ఎవురికి సెప్పుకుంటా” అంది. ఆ మాట మీద 40 పేజీల అధ్యాయం తయారైంది. గైడ్ సార్‌కు థీసిస్ మొత్తంలో బాగా నచ్చిన అధ్యాయం అదే.

ఇప్పుడు అత్త పని మానేసి ఊరికి వచ్చేసింది. ఉగాదికి వెళ్లినప్పుడు అత్త మరిది కొడుకు, ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు, “అక్కా, నీ పీహెచ్‌డీ ఆన్‌లైన్‌లో పెడతారంట గదా, లింకు పంపు” అన్నాడు. ఆ రాత్రి నుంచి ఈమెకు నిద్ర లేదు. గైడ్‌ని అడిగితే, “పేరు మార్చావు, ఊరి పేరు మార్చావు. ఇంగ్లీషులో ఉన్నది ఎవరు చదువుతారు? అనవసరంగా టెన్షన్ పడకు” అన్నారట. అమ్మకు చెబితే, “వాళ్ల ఇంటి గుట్టు నువ్వే బజార్న పెడతావా” అని ఏడ్చింది. దీనికి తోడు ఇంకో బెంగ. వాయిస్ మెసేజ్‌లను అక్షరాల్లోకి మార్చడానికి ఈమె ఏదో ఉచిత యాప్‌లో అన్నీ ఎక్కించేసింది. థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం, అదే సినాప్సిస్, ఇవ్వడానికి రెండు నెలలే ఉంది. “అధ్యాయం ఉంచాలా, తీసేయాలా? మీరేం చెబితే అది చేస్తాను మేడమ్” అని ముగించింది.

*

మీరేం చెబితే అది చేస్తాను అన్నారు. అట్లా వద్దు తల్లీ. నాకు ఆ అత్త ముఖం తెలియదు. ఆ ఇంటి గడప నేను తొక్కలేదు. మీ ముందు ఏయే దారులున్నాయో, ఏ దారిలో ఏం పోతుందో నాకు తోచినంత చెబుతాను. నిర్ణయం మీదే, అందులో సగం మీ అత్తది.

మొదట ఒకటి చెప్పాలి. మీ అధ్యాయం విలువైనది, మీ సార్ చెప్పింది ఆ విషయంలో నిజం. ఫోన్ మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా చెప్పుకునేది కేరళ చేపల కథ. 1997 నుంచి 2001 మధ్య అక్కడి తీరానికి సెల్‌ఫోన్ వచ్చాక, పడవ మీద నుంచే ధర కనుక్కుని రేవు మార్చుకోవడం మొదలై, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయని రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 2007లో చూపించాడు. అది ధరల్లో కనిపించే మార్పు కాబట్టి లెక్కకు అందింది. ఒక ఆడమనిషి రెండో సిమ్ముతో కూతురికి చదువు కొనిపెట్టడం ఏ లెక్కకూ అందదు. పక్కన కూర్చుని ఆమె మాట వింటేనే తెలుస్తుంది. అది మీరు విన్నారు. అందుకే దాని భారం కూడా మీ మీదే పడింది.

ఇక అసలు చిక్కు. “రాసుకో పాపా” అన్న మాటను మీరు అంగీకారంగా తీసుకున్నారు. సంతకం పెట్టిన కాగితం కూడా ఉందని రాశారు. ఉత్తరం మూడుసార్లు చదివాను, నాకు ఆ మాటలో మొహమాటం వినిపిస్తోంది. పెళ్లిలో రెండోసారి వడ్డిస్తుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టడానికి మొహమాటపడే మనుషులం మనం. కళ్ల ముందు పెరిగిన పిల్ల, చదువుకున్న పిల్ల, కాగితం పట్టుకుని వస్తే కాదంటుందా ఆ అత్త? పైగా ఆ రోజు ఆమె కువైట్ నుంచి సెలవుకు వచ్చింది, మళ్లీ పోతానన్న ధైర్యం ఉంది. ఇవాళ అదే ఇంట్లో, అదే భర్తతో ఉంది. ఆ రోజు చెప్పిన సరే ఈ రోజు కూడా సరేనా అన్నది ఆమెను అడగకుండా తెలియదు.

ఇంకో సంగతి మీరు గమనించారో లేదో. ఆ గుట్టు ఒక్కరిది కాదు, ముగ్గురిది. డబ్బు దాచిపెట్టిన అక్క ఉంది. ఆ డబ్బుతో చదివిన కూతురు ఉంది. వాళ్లిద్దరూ మీ కాగితం మీద సంతకం పెట్టలేదు. రేపు గొడవంటూ జరిగితే మొదట మాట పడేది ఆ అక్కే.

పేర్లు మార్చితే చాలన్న మీ సార్ మాట గురించి. 1950లలో అమెరికాలో ఒక చిన్న ఊరిని ఇద్దరు పరిశోధకులు చదివి, ఊరికి స్ప్రింగ్‌డేల్ అని, మనుషులకు మారుపేర్లు పెట్టి 1958లో పుస్తకం వేశారు. ఊరివాళ్లు ఎవరు ఎవరో ఇట్టే పట్టేశారు. ఆ తర్వాత జూలై 4 ఊరేగింపులో ముఖాలకు మాస్కులు తగిలించుకుని, పుస్తకంలో తమకిచ్చిన మారుపేర్లతో బండ్లెక్కారు. చివర పేడ చల్లే బండి మీద ఆ రచయితల్లో ఒకరి దిష్టిబొమ్మను వంచి పెట్టి ఊరేగించారు. ఇది సెల్‌ఫోన్లు, ఇంటర్నెట్ లేని కాలం. 2008లో ఇంకొకటి జరిగింది. ఒక కాలేజీలోని సుమారు 1,700 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను కాలేజీ పేరు చెప్పకుండా పరిశోధకులు విడుదల చేశారు. అసలు వివరాల జోలికి పోకుండానే, వాటితో పాటు ఇచ్చిన కాలేజీ వర్ణనను బట్టే అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లో తేల్చేశారు.

నాకూ ఒక అనుభవం ఉంది. 1990లలో అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో ఎస్టీడీ బూత్‌కు ఎవరెవరు వస్తారు, ఏం మాట్లాడతారు అని తిరిగాను. బూత్ వెనక గదిలో బట్టలు కుట్టే ఒకామె తన భర్త ఫోన్ చేయడం మానేసిన సంగతి నాతో చెప్పుకుంది. నేను పేరు మార్చి రాశాను. కొన్నేళ్ల తర్వాత కలిసినప్పుడు ఆమె కోప్పడలేదు. నా చీర కొంగుకు ఊడిన కుట్టు సరిచేస్తూ అంది. “పేరు మార్చినావు గానీ మిషన్ మార్చలేదు కదమ్మా. ఊళ్లో మిషన్ ఉండేది నాకొక్కదానికే.” ఆ కుట్టు వేస్తున్నంతసేపు నేను తల ఎత్తలేకపోయాను. మీ అధ్యాయంలో మిషన్ ఏది? ఆరేళ్లు కువైట్, నర్సింగ్ చదివే ఒక్కగానొక్క కూతురు, ఎండిపోయిన రెండు బోర్లు, పక్క ఊళ్లో అక్క. ఇవన్నీ ఒకే పేజీలో ఉంటే మీ ఊళ్లో చదువు రాని మనిషి కూడా వినగానే చెప్పేస్తాడు.

ఇంగ్లీషు అడ్డుగోడ అనుకోవడం కూడా ఈ రోజుల్లో కుదరదు. పేజీ మీద ఫోన్ కెమెరా పెడితే తెలుగులో చూపిస్తోంది. 300 పేజీల ఫైలును ఏఐకి ఇచ్చి మా ఊరి గురించి ఏముందో చెప్పు అంటే రెండు నిమిషాల్లో చెబుతుంది. ఫోన్ల మీద పరిశోధన చేస్తున్న మీకు ఇది నాకంటే బాగా తెలుసు. విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ నిబంధనల ప్రకారం, ఆమోదం పొందిన థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి చేరాలి, అక్కడ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, కూడా నలుగురి ముందు జరిగేదే. కాబట్టి ఆ పిల్లవాడు లింకు అడగడం వింతేమీ కాదు. వాడు అడగకపోతే ఇంకొకరు అడుగుతారు.

ఇప్పుడు దారులు చూద్దాం.

మొదటిది, ఉన్నది ఉన్నట్టు ఉంచడం. చట్టం మిమ్మల్ని పట్టుకోకపోవచ్చు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉంది. ఆ సమాచారంతో ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోకూడదు, ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు పాటించాలి అన్నవి షరతులు. మీ డిగ్రీ సమయానికి వస్తుంది, సార్ సంతోషిస్తారు. కానీ ఆ ఇంట్లో ఏదైనా జరిగితే మీరు ఊరికి మళ్లీ ఎట్లా వెళతారో నాకు తెలియడం లేదు. మీ అమ్మ ఏడుపులో ఆ భయమే ఉంది.

రెండోది, అధ్యాయం మొత్తం తీసేయడం. మనసుకు వెంటనే ఊరట దొరుకుతుంది. అయితే ఇది మీరొక్కరే గదిలో కూర్చుని తీసుకునే నిర్ణయం అవుతుంది. తన బతుకులో తాను గెలిచిన ఒకే ఒక్క పోరాటం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని మీ అత్తకు ఉందేమో! ఆమె కాపాడమని అడిగిందా, రాయమని అడిగిందా? అడక్కుండా తీసేస్తే, అడక్కుండా వేసినట్టే అవుతుంది. ఇంకా, 40 పేజీలు పోతే థీసిస్ కుంటుతుంది. దానికి సమయం పడుతుంది.

మూడో దారి దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలోనే దానికి ఆధారం ఉంది. మీరు మాట్లాడిన 31 మందిలో ఇంకా అయిదారుగురు ఏదో ఒక రూపంలో డబ్బు పక్కకు పెట్టారని ఒక చోట రాశారు. ఒకరు చీటీ కట్టారు, ఒకరు బంగారం చేయించి తల్లి దగ్గర ఉంచారు. అయితే అధ్యాయానికి మీ అత్త జీవితమే ఎందుకు ఉండాలి? ఒక్క మనిషి కథగా కాక, ఇంటికి వచ్చే డబ్బు ఏయే ఫోన్ల మీదుగా, ఎవరి మాట మీదుగా నడుస్తుందన్న కథగా తిరగరాయండి. ఒకామె చెప్పిన మాట ఒక చోట, ఇంకొకామె చేసిన పని ఇంకో చోట వస్తాయి. ఎవరి బతుకూ మొదటి నుంచి చివరిదాకా కనిపించదు. కూతురి చదువు “చదువు ఖర్చు” అయితే చాలు, నర్సింగ్ అవసరం లేదు. బోర్ల ఊసు ఎత్తనే వద్దు. ఇలా ఎందుకు రాశారో పరిశోధన పద్ధతి వివరించే అధ్యాయంలో దాచకుండా చెప్పండి. వివరాలు మార్చి, మార్చానని చెప్పకపోతే అది పరిశోధనలో తప్పు. మార్చానని, ఎందుకు మార్చానో చెబితే అది పరిశోధనలో ఒక భాగం. ఇందులో పోయేది ఏమిటంటే, ఆ అధ్యాయానికి ఉన్న ప్రాణం కొంత తగ్గుతుంది. చదివినవాళ్ల గొంతులో ముడి పడేట్టు రాసిన పేజీలు చప్పబడతాయి. పరీక్షకుడు ఆధారాలు అడగొచ్చు. అడిగితే, అయిదుగురి దగ్గర ఒకే తీరు కనిపించడం ఒకరి కథకంటే గట్టి ఆధారమని మీరు నిలబడి చెప్పగలరు.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా, అంతకుముందు అత్తను కలవాలి అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎట్లా కలుస్తారన్నది ముఖ్యం. వాళ్ల ఇంటికి వెళ్లకండి. ఫోన్‌లో ఈ మాట ఎత్తకండి, అధ్యాయాన్ని వాట్సాప్‌లో పంపకండి. ఆమె ఫోన్ ఇప్పుడు ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతూ ఉండొచ్చు. కూతురిని చూడడానికి టౌనుకు వచ్చే రోజు చూసుకుని, ఎప్పుడూ కలిసినట్టే కలవండి. కాగితాలు మీ సంచిలోనే ఉండాలి, ఆమె చేతికి ఇవ్వొద్దు. తెలుగులో, ఆమె మాటల్లో, మీరు రాసింది చదివి వినిపించండి. ఇంగ్లీషులో ఇంకేదో రాసి ఇక్కడ మెత్తగా చెప్పొద్దు. “అత్తా, ఇది కంప్యూటర్‌లో పెడతారు. మీ మరిది కొడుకు చదవొచ్చు. చదివి మామకు చెప్పొచ్చు” అని విడమర్చి చెప్పండి. చెప్పాక వెంటనే జవాబు అడగొద్దు. “నువ్వు వద్దంటే నా డిగ్రీ ఏమీ ఆగదు” అన్న మాట తప్పకుండా అనండి. అది నిజం కూడా, ఎందుకో కింద చెబుతాను. మొహమాటం పోవాలంటే కాదనడం ఆమెకు తేలిక కావాలి. వారం ఆగి మళ్లీ కలవండి.

ఆమె వద్దంటే మూడో దారి కూడా ఆమెకు చెప్పి చూడండి. అదీ వద్దంటే వదిలేయడమే. ఆమె సరేనంటే? అప్పుడు కూడా అక్కను అడగాలి, కూతురిని అడగాలా వద్దా అన్నది అత్తనే చెప్పమనండి. ఆమె వయసు వచ్చిన పిల్ల. ఆ ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో ఆ పిల్లకు తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు.

గైడ్ సార్ దగ్గర దీన్ని మీ భయంగా చెప్పకండి. పరిశోధన పద్ధతిలో దొరికిన లోపంగా, సరిచేసిన ప్రణాళికతో సహా, రెండు పేజీలు రాసి ఇవ్వండి. ప్రతి సెమిస్టర్‌లో మీ పని చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది కదా, అక్కడా పెట్టండి. నలుగురి ముందు రాతపూర్వకంగా వచ్చిన మాటను టెన్షన్ అని తోసేయడం కష్టం. ఆయన చెడ్డవారని మీ ఉత్తరం చదివితే అనిపించలేదు. మంచి అధ్యాయం పోతుందన్న బాధ ఆయనది. నాలుగో ఏట గైడ్‌ను మార్చుకోవడం దాకా పోవద్దు, దానికి పోయే కాలం, పడే మాటలు చాలా ఎక్కువ. కొంతకాలం ఆ అధ్యాయాన్ని బయట పెట్టకుండా ఆపమని అడిగే వీలు గురించి మీ విశ్వవిద్యాలయం లైబ్రరీలో కనుక్కోండి. కాకపోతే దాని మీదే ఆధారపడొద్దు. గడువు అయ్యాక మళ్లీ అదే సమస్య.

గడువు గురించి మీరు పడుతున్న కంగారు అంత అవసరం లేదు. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి చేరిన రోజు నుంచి ఆరేళ్లు ఉంది. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. ఆడవాళ్లకు ఆ పైన మరో రెండేళ్లు పొడిగించే వీలుంది. మీరు ఇంకా నాలుగో ఏట ఉన్నారు. ఫెలోషిప్ డబ్బులు ఆగితే ఇల్లు గడవదంటే అది వేరే సంగతి, అది నిజమైన ఇబ్బందే. కానీ ఆరు నెలలు ఆలస్యమైతే డిగ్రీ పోదు.

ఇక ఆ యాప్. ఇది మీరనుకున్నంత చిన్నదీ కాదు, సరిదిద్దుకోలేనిదీ కాదు. ఎక్కించిన ఫైళ్లు ముందు మీ ఖాతాలోంచి తీసేయండి, తర్వాత ఖాతానే మూసేయండి. సర్వర్లలో ఇంకా మిగిలి ఉండొచ్చని అత్తకు కూడా చెప్పండి, థీసిస్‌లో కూడా రాయండి. యంత్రంతోనే పని కావాలంటే, మాటను అక్షరాల్లోకి మార్చే, 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ లాంటివి నెట్ లేకుండా మీ లాప్‌టాప్‌లోనే నడుస్తాయి, గొంతు గది దాటి పోదు.

అయినా మీరు మీ చెవితోనే వినాలని నా కోరిక. ఉత్తరంలో మీరే ఒకటి రాశారు. 41 సెకన్ల ఒక మెసేజ్‌లో మొదటి తొమ్మిది సెకన్లు కొళాయి నీళ్ల చప్పుడు, గిన్నెలు తోముతున్న చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి, “అక్కా, ఈ నెల్ది ఏసినా. పాపకు సెప్పొద్దు, ఫీజు కట్టినాకనే సెప్పు.” యాప్ దాన్ని “అక్క ఈ నెలది వేశాను, పాపకు చెప్పవద్దు” అని శుభ్రం చేసి ఇచ్చింది. తొమ్మిది సెకన్లు ఎగిరిపోయాయి. తన మాట పక్క గదికి వినపడకుండా ఆమె కొళాయి తిప్పి పెట్టుకుందని మీరు రెండోసారి వింటే గానీ పట్టుకోలేకపోయారు. (ఈ మెసేజ్ కూడా మార్చినదే. కొళాయి మాత్రం అసలుది, దాన్ని ఉంచడానికి ఒప్పుకున్నారు.) మూడో దారిలో వెళ్లినా ఆ కొళాయి చప్పుడు మీ అధ్యాయంలో ఉండొచ్చు. ఏ ఇంట్లోనైనా కొళాయి ఉంటుంది, దాన్ని బట్టి ఎవరినీ పట్టుకోలేరు.

పని పూర్తయ్యాక ఆ గొంతులున్న ఫైళ్లు ఏం చేయాలో కూడా అత్తనే అడగండి. కొందరు చెరిపేయమంటారు. కొందరు ఒక కాపీ తమకే ఇవ్వమంటారు.

లింకు అడిగిన అబ్బాయికి అబద్ధం చెప్పకండి. థీసిస్ పూర్తి కాలేదని, ఇంకా దిద్దుతున్నానని చెప్పండి, అది నిజమే. మిస్డ్ కాల్ సైగల మీద మీరు పోయినేడు అచ్చు వేసిన వ్యాసం ఉందన్నారు కదా. ఒక మోతకు అర్థం ఒకటి, రెండు మోతలకు ఇంకొకటి అని మన పల్లెల్లో ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉండేది. ఆ వ్యాసం పంపండి. అందులో ఎవరి గుట్టూ లేదు, వాళ్ల అవ్వను అడిగితే ఇంకో నాలుగు సైగలు చెబుతుంది కూడా.

అత్తను కలిశాక ఏం జరిగిందో రాయండి. అచ్చు వేయడానికి కాదు, నాకు తెలుసుకోవాలని ఉంది.